ఆరో నంబరు

అండమాన్‌లో పుట్టిన ప్రతివాడికీ ఒక అలవాటు ఉంటుంది. వెళ్ళేది ఉన్నా లేకపోయినా పేరు వేసి ఉంచడం. మెయిన్‌ల్యాండ్ ఓడకి టికెట్ దొరకడం కష్టం కాబట్టి నెలలో మూడు ఓడలుంటే మూడింటికీ పేరు వేస్తారు. చెల్లెలి పెళ్ళికని ఒకటి, పెళ్ళి వాయిదా పడితే పనికొస్తుందని ఒకటి, అసలు కుదరకపోతే మొక్కు తీర్చుకోవచ్చని ఇంకొకటి. చివరికి ఎందులో ఎక్కుతారో ఓడ కూత వేసేదాకా వాళ్ళకే తెలియదు. శేషయ్యకి మాత్రం తెలిసేది.

శేషయ్య ముప్పై రెండేళ్ళు పోర్ట్ బ్లెయిర్ ఫీనిక్స్ బేలో ఓడ టికెట్ల కౌంటర్లో కూర్చుని రిటైరైన మనిషి. వెయిటింగ్ లిస్టులో నలభయ్యో నంబరు పట్టుకుని ఎవరైనా ఏడుపు మొహంతో వస్తే కంప్యూటర్ వంక చూసేవాడు కాదు. పైనున్న ముప్పై తొమ్మిది పేర్లూ చదివేవాడు. పన్నెండోవాడి ఆవు ఈనింది, వెళ్ళడు. పదిహేనూ పదహారూ మొగుడూ పెళ్ళాలు, వాళ్ళకి ఇప్పుడు మాటల్లేవు, కాబట్టి ఒకళ్ళే వెళ్తారు. ఇలా కొట్టేసుకుంటూ వచ్చి, "సామాన్లు సర్దుకో" అనో "ఇంటికెళ్ళి భోంచెయ్యి" అనో తేల్చేవాడు. ఆ మాట తప్పిందని వెనక్కొచ్చి చెప్పినవాళ్ళు లేరు. దొరకదన్న టికెట్ దొరికినవాళ్ళు ఓడెక్కి వెళ్ళిపోయుంటారు, ఇంకెవరొచ్చి చెప్తారు అని ఆయన భార్య కమలాకుమారి అనేది. పెళ్ళాం మాట లెక్కలోకి తీసుకునే ఊరు ఇంకా పుట్టలేదు కాబట్టి ఆయన పేరుకి ఏమీ కాలేదు.

రిటైరై ఆస్టినాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాక జనం పిల్లల కాలేజీ లిస్టులు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. శేషయ్య కాదనలేదు. లిస్టంటే లిస్టే అన్నది ఆయన సిద్ధాంతం. ఓడకైనా కాలేజీకైనా పైవాళ్ళు దిగితేనే కిందవాళ్ళు ఎక్కుతారు. మెయిన్‌ల్యాండ్‌లో ఈ పనికి ఏసీ గదుల్లో కన్సల్టెంట్లు ఉంటారట, కటాఫులూ పర్సంటైళ్ళూ చూసి చెప్తారట. ఆయన వాటి జోలికి పోలేదు. ఇంత చిన్న దీవుల్లో పర్సంటైలు ఎందుకు, తండ్రి పేరు చెబితే చాలు.

జులై ఆఖరి ఆదివారం పొద్దున్న, వాన జోరుగా కురుస్తుండగా, జోగులు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. జోగులు బాంబూఫ్లాట్ మనిషి. బాంబూఫ్లాట్‌కీ చాథమ్‌కీ మధ్య తిరిగే ఫెర్రీ మీద తాడు విసిరి కట్టే పని. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో కాగితంలో చుట్టిన సురమై చేప. కూతురు స్వాతి ప్లాస్టిక్ ఫైలుని చున్నీ కింద దాచి పట్టుకుంది. తను తడిసింది గాని ఫైలు తడవలేదు.

"రా జోగులూ. ఇంత వానలో బయల్దేరావేం?"

"వాన తగ్గీదాకా ఆగితే దసరాకొస్తాం బాబూ," అన్నాడు జోగులు, చేప కమలాకుమారి చేతికిస్తూ. "ఈ గుంట సీటు సంగతి తమరు సెప్పాల. రేపటిలోగా తేలిపోవాల."

సంగతి ఇదీ. కేరళలో ఒక ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలో ఓడలు కట్టే చదువు ఉంది. అందులో దీవుల పిల్లలకి ఐదు సీట్లు ఉంచారు. మంగళవారం ఉదయం పోర్ట్ బ్లెయిర్‌లో హాలులో కూర్చోబెట్టి లిస్టు వరసన పేర్లు పిలుస్తారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు బల్ల మీద పెట్టినవాడికి సీటు. స్వాతిది తొమ్మిదో నంబరు. ఇది కాక ఊళ్ళోనే పాలిటెక్నిక్‌లో ఆ పిల్లకి సీటు వచ్చి ఉంది. దానికి ఒరిజినల్స్ ఇవ్వడానికి ఆఖరి గడువు సోమవారం సాయంత్రం నాలుగు. అక్కడ ఇస్తే మంగళవారం హాలుకి వట్టి చేతులతో వెళ్ళాలి. ఇవ్వకుండా అట్టేపెట్టుకుని, హాలులో సీటు రాకపోతే ఏడాది గంగపాలు.

"ఓడల చదువే కావాలా?" అన్నాడు శేషయ్య కళ్ళజోడు తుడుచుకుంటూ.

"మా నాన్న ఫెర్రీలో నీళ్ళ ట్యాంకరు ముందెక్కిస్తే ఎడమకి ఒరుగుతుంది తాతగారూ," అంది స్వాతి. "వెనకెక్కిస్తే ఒరగదు. ఎందుకని అడిగితే ఫెర్రీ నడిపే సారంగు భయ్యా అన్నాడు, బేటీ, దానికి అలా అలవాటు అని. అలవాటు కాదని నాకు తెలుసు. ఏంటో మాత్రం తెలీదు."

శేషయ్య ఎర్ర పెన్ను తీశాడు. ఆయన పని మొదలుపెడితే ఇంట్లో మిక్సీ కూడా ఆపేస్తారు.

"సీట్లు ఐదు. నువ్వు తొమ్మిది. అంటే పైనున్న ఎనిమిది మందిలో నలుగురు దిగాలి. చూద్దాం. ఒకటి, మనోజ్. కంపౌండరు గారబ్బాయి. వాడికి మెడికల్ సీటు వచ్చింది, మొన్న మేనమామ లడ్డూలు పంచాడు. నాకు రెండిచ్చాడు. దిగాడు." పేరు మీద గీత పడింది. "రెండు, కానిస్టేబుల్ కూతురు. వెళ్తుంది. ఆయనకి డిగ్లీపూర్ బదిలీ అయింది, పిల్లని ఎక్కడో ఒకచోట పెట్టాలి. మూడు, బాబ్జీ. స్టీలు సామాన్ల కొట్టు. వెళ్తాడు. కొట్లో కూర్చోబెడితే లెక్క తప్పు చెప్తున్నాడని వాళ్ళ నాన్నే పంపించేస్తున్నాడు."

"లెక్క తప్పితే ఇంజనీరెలగ అవుతాడు?" అన్నాడు జోగులు.

"అది కాలేజీ వాళ్ళ తలనొప్పి. నాలుగు, మండల్ అబ్బాయి, రంగత్. నేవీలో సెలెక్టయ్యాడు. తల్లి ఏడుస్తోంది, తండ్రి మిఠాయి తింటున్నాడు. దిగాడు. ఐదు, ఈ పిల్లాడు వెళ్తాడు. వాళ్ళన్న ఆ ఊళ్ళోనే ఉద్యోగం, గది అద్దె కలిసొస్తుంది."

పెన్ను ఆరో నంబరు మీదికి వచ్చింది.

"ఆరు వెళ్తుంది," అన్నాడు శేషయ్య. "ఏడు, గోపినాథ్..."

అప్పుడే ఆరో నంబరు టీ తెచ్చింది. పేరు అపర్ణ. శేషయ్య కొడుకు కూతురు. కొడుకు క్యాంప్‌బెల్ బేలో ఉద్యోగం చేస్తుంటే, చదువు కోసం తాత దగ్గరే పెరిగింది. ముగ్గురికీ గ్లాసులు ఇచ్చి, లిస్టు వంక ఒకసారి, తాత వంక ఒకసారి చూసి, ట్రే చంకలో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. జోగులు టీ ఊదుకున్నాడు.

"ఏడు, గోపినాథ్," అన్నాడు శేషయ్య మళ్ళీ. "వాడు దిగాడు. పద్దెనిమిదేళ్ళొచ్చినా వాళ్ళమ్మ వాణ్ణి బాంబూఫ్లాట్ కూడా ఒంటరిగా పంపలేదు, ఇంక కేరళ పంపుతుందా. ఎనిమిది, టీచరు గారమ్మాయి. వెళ్తుంది, సూట్‌కేసు కొన్నారు. అదీ లెక్క. దిగేవాళ్ళు ముగ్గురు. మీకు కావాల్సింది నలుగురు. వెయిటింగ్ ఒకటి దగ్గర ఆగిపోయావమ్మా."

స్వాతి లిస్టు తన వైపు తిప్పుకుని చదివింది. "తాతగారూ, దిగేవాళ్ళకీ కారణం చెప్పారు, వెళ్ళేవాళ్ళకీ చెప్పారు. ఆరుకి చెప్పలేదు."

"వెళ్ళేదానికి కారణం ఏముంటుంది?"

"సూట్‌కేసు ఉంది. బదిలీ ఉంది. స్టీలు కొట్టు ఉంది."

శేషయ్యకి కోపం వచ్చింది. ముప్పై రెండేళ్ళలో ఎవరూ ఆయన లెక్క మీద లెక్క అడగలేదు. "జోగులూ, రేపు నాలుగింటి లోపల సర్టిఫికెట్లు పాలిటెక్నిక్‌లో ఇచ్చెయ్యండి. చేతిలో ఉన్న టికెట్ వదులుకుని ఓడ వెనకాల ఈదకండి," అని పెన్ను మూత పెట్టేశాడు.

"అలగే బాబూ. పక్కా కదా?"

"పక్కా."

వాళ్ళు వానలోకి దిగారు. శేషయ్య గేటు దాకా వెళ్ళలేదు. మామూలుగా అయితే వెళ్ళేవాడు.

లోపలికి వచ్చేసరికి అపర్ణ చేప పొలుసు గీస్తోంది. తల ఎత్తలేదు.

"నేను వెళ్ళనని ఏప్రిల్‌లోనే చెప్పాను తాతా."

"చెప్పావు."

"ఇక్కడే కాలేజీలో జువాలజీ చదువుతానన్నాను. వచ్చే వారం అడ్మిషన్లు. నువ్వే, పేరు పడి ఉండనీ అని నా చేత పరీక్ష రాయించావు."

"పడి ఉంటే నష్టమేంటి?"

"ఆ అమ్మాయిని అడుగు నష్టమేంటో."

కమలాకుమారి పొయ్యి దగ్గర్నుంచి, తన పని తాను చేసుకుంటూనే, "గురివింద గింజ సంగతి వినలేదూ, అలా ఉంది," అంది. కన్ఫర్మ్ టికెట్ పట్టుకుని ఆఖరి నిమిషం దాకా కాన్సిల్ చెయ్యనివాళ్ళని ఈయన కౌంటర్లో కూర్చుని ఎన్ని తిట్లు తిట్టేవాడో ఆవిడకి తెలుసు. భోజనాల దగ్గర రోజూ వినేది. తెలుగు సంఘం వనభోజనాల్లో ఒకసారి మైకులో కూడా తిట్టాడు.

"నువ్వు రాకపోయినా పరవాలేదు," అన్నాడు శేషయ్య మనవరాలితో. "దూరపు దీవుల వాళ్ళ కోసం రూలుంది. పిల్లలు రాలేకపోతే ఇంట్లో పెద్దవాళ్ళు ఒరిజినల్స్ తెచ్చి సీటు తీసుకోవచ్చు. ముందు సీటు పడనీ. ఎక్కాక ఓడ నచ్చలేదనేవాళ్ళని నేను చూడలేదు."

అపర్ణ కత్తి ఇంకా గట్టిగా గీసింది. పొలుసు గోడ దాకా ఎగిరింది.

శేషయ్య చెడ్డవాడు కాదు. ఆశపడ్డాడు, అంతే. కొడుకు పదో తరగతితో ఆగిపోయి పనుల శాఖలో మేస్త్రీల మీద మేస్త్రీగా చేరాడు. ఒకసారి క్యాంప్‌బెల్ బే వెళ్ళినప్పుడు శేషయ్య కళ్ళారా చూశాడు. పాతికేళ్ళ కుర్ర ఇంజనీరు వంతెన కొలుస్తుంటే, నలభై రెండేళ్ళ తన కొడుకు పక్కన నిలబడి గొడుగు పడుతున్నాడు. గొడుగు కింద ఇంజనీరు పొడిగా ఉన్నాడు, కొడుకు తడుస్తున్నాడు. ఆ ఇంజనీరు మంచివాడే, తండ్రిగారని తెలిసి టీ కూడా ఇప్పించాడు. ఆ టీ ఈయనకి ఇప్పటికీ దిగలేదు. అప్పుడే అనుకున్నాడు, నా ఇంట్లోంచి ఒక్కరైనా గొడుగు కింద నిలబడాలి అని. ఆ ఒక్కరికి పీతలూ పగడపు పురుగులూ ఇష్టమన్న విషయం ఆయన లెక్కలోకి రాలేదు.

సోమవారం శేషయ్య ఎక్కడికీ వెళ్ళలేదు. పేపరు చదివాడు, చదివిందే చదివాడు. మధ్యాహ్నం నుంచీ గడియారం చూశాడు. నాలుగు కొట్టాక ఒళ్ళు తేలికపడింది. ఇంక జోగులు కూతురి సర్టిఫికెట్లు పాలిటెక్నిక్ బీరువాలో ఉంటాయి. ఆ పిల్లకీ ఒక చదువు దొరికినట్టే, ఈ పిల్లకీ సీటు దొరికినట్టే. ఎవరికీ అన్యాయం జరగలేదని తనకి తాను రెండుసార్లు చెప్పుకున్నాడు. ఒకసారి చెప్పుకుంటే సరిపోయేదయితే రెండోసారి ఎందుకు చెప్పుకున్నాడో మనం అడగకూడదు.

ఐదింటికి ఫోను మోగింది. వెనకాల ఫెర్రీ ఇంజను చప్పుడు.

"బాబూ, నేను జోగుల్ని. మా గుంట ఆ కాయితాలు ఇవ్వలేదండి. నాలుగు దాటిపోనాది."

శేషయ్య కుర్చీలో ముందుకి జరిగాడు. "నేను చెప్పాను కదయ్యా."

"నానూ అదే సెప్పానండి. ఆయన మాట తప్పదే అన్నాను. వరస దాకా వెళ్ళింది బాబూ, ముందు ఇద్దరే ఉన్నారంట. వెనక్కొచ్చీసింది. ఆరో నంబరుకి తాతగారు కారనం సెప్పలేదు నాన్నా, ఏదో ఉంది, రేపు హాలుకే పోతాను అంటాది. ఏటి సేస్తాం. ఎదిగిన పిల్ల, కొట్టలేం కదండి."

"ఇప్పుడు ఆ సీటు?"

"పోనాదండి. రేపు ఇది రాకపోతే ఏడాది ఇంటికాడే." తాడు పడిన చప్పుడు, ఎవరో హిందీలో కేక వేసిన చప్పుడు వినిపించాయి. "తమరి మీద కోపం లేదు బాబూ. తమరు సెప్పాల్సింది సెప్పారు. ఒట్టినే, తెలియజేద్దారని. ఉంటానండి, జెట్టీ వచ్చీసింది."

ఆ రాత్రి సురమై పులుసు మిగిలినదే వడ్డించారు. శేషయ్య ముక్క వేసుకోలేదు.

మంగళవారం ఉదయం ఆయన అల్మారా తీసి, అపర్ణ ఒరిజినల్స్ ఉన్న ఫైలు సంచిలో పెట్టుకున్నాడు. కమలాకుమారి గుమ్మంలో నిలబడింది.

"ఎక్కడికి?"

"ఊరికే. ఎవరెవరికి వచ్చిందో చూసొస్తాను."

"చూడ్డానికి సంచి ఎందుకు?"

ఆయన చెప్పులు తొడుక్కున్నాడు. అపర్ణ తన గదిలోంచి బయటికి రాలేదు. తలుపు మాత్రం తెరిచే ఉంది. సంచి తీసుకెళ్ళడం ఆ పిల్ల చూసింది, చూసిందని ఆయనకీ తెలుసు.

హాలులో ఓ యాభై మంది ఉన్నారు. అందులో ముప్పై మంది శేషయ్యకి నమస్కారం పెట్టారు. ఇద్దరు తండ్రులు తమ పిల్లల నంబర్లు చెప్పి అభిప్రాయం అడిగారు. ఆయన తలనొప్పిగా ఉందన్నాడు. వెనక బెంచీలో జోగులు యూనిఫారంలోనే కూర్చున్నాడు. ఒక పూట సెలవు పెట్టి వచ్చినట్టుంది. పక్కన స్వాతి, ఒళ్ళో అదే ఫైలు. ఆ పిల్ల ఈయన్ని చూసింది. మొహం తిప్పుకోలేదు, నవ్వనూ లేదు.

బల్ల దగ్గరి ఆఫీసరు పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. ఒక్కో పేరూ మూడుసార్లు. మనోజ్ రాలేదు. కానిస్టేబుల్ కూతురు వచ్చింది. బాబ్జీ వచ్చి, ఇచ్చిన నకళ్ళు ఎన్నో లెక్క తప్పు చెప్పాడు. మండల్ అబ్బాయి రాలేదు. ఐదోవాడు అన్నతో వచ్చాడు. అంతా శేషయ్య ఎర్ర పెన్నుతో గీసినట్టే జరిగింది. మూడు సీట్లు అయిపోయాయి, రెండు మిగిలాయి. సంచి తెరిస్తే నాలుగోది తన ఇంటిది. ఐదోది టీచరు గారమ్మాయిది. జోగులు కూతురికి ఇంటికి తిరుగు ఫెర్రీ.

"సీరియల్ నంబర్ ఛే. అపర్ణ."

ఆరో నంబరు పేరు వినగానే హాలంతా శేషయ్య వంక తిరిగింది. ఆయన కూర్చునే ఉన్నాడు.

"అపర్ణ."

చెయ్యి సంచి మీదికి వెళ్ళింది. గొడుగు కింద పొడిగా నిలబడ్డ మనిషి ఆయనకి కనిపించింది. ఎంత ప్రయత్నించినా ఆ మనిషికి అపర్ణ మొహం రాలేదు. పక్కన తడుస్తున్నవాళ్ళకి మాత్రం మొహం ఉంది. అది వెనక బెంచీలో, ఒళ్ళో ఫైలుతో ఉంది. అలా కనబడేసరికి ఆయనకి సిగ్గేసింది. ఇంత సిగ్గు ఆయన తన జీవితంలో ఎప్పుడూ పడలేదు.

"అపర్ణ. లాస్ట్ కాల్."

శేషయ్య లేచి, సంచితో సహా బల్ల దగ్గరికి నడిచాడు.

"ఆప్ కౌన్?" అన్నాడు ఆఫీసరు.

"దాదా," తాతనని చెప్పాడు శేషయ్య.

"ఒరిజినల్స్ లాయే?"

"లాయే," అన్నాడు శేషయ్య.

ఆఫీసరు చెయ్యి చాపాడు. శేషయ్య సంచిని ఆ చేతికి అందకుండా అవతలి చంకలోకి మార్చుకున్నాడు.

"లేకిన్ వో నహీఁ జాయేగీ," అన్నాడు, తెచ్చాను గాని పిల్ల వెళ్ళదని.

"ఫిర్ ఆప్ క్యోఁ ఆయే?"

వెళ్ళనప్పుడు మీరెందుకొచ్చారని ఆఫీసరు ప్రశ్న. వెనకాల ఇంకా చాలామంది ఉన్నారు కాబట్టి, రిజిస్టరు ఇటు తోశాడు. మూడుసార్లు పిలిచినా రానివాళ్ళకైతే అడ్డంగా గీత కొడితే సరిపోతుంది. మనిషి వచ్చి మరీ వద్దంటే కారణం రాసి సంతకం పెట్టాలట. శేషయ్య పెన్ను తీశాడు. ముప్పై రెండేళ్ళలో ఎన్ని వేల కారణాలు చూశాడో, ఆవులూ అలకలూ చావులూ పెళ్ళిళ్ళూ. వాటిలో ఏదైనా రాస్తే పరువుగానే ఉండేది. అమ్మాయికి ఇష్టం లేదు అని రాసి, కింద సంతకం పెట్టి, తేదీ వేశాడు.

గోపినాథ్ రాలేదు. టీచరు గారమ్మాయి వచ్చి నాలుగో సీటు తీసుకుంది. తరవాత తొమ్మిదో నంబరు పిలిచారు. ఒక్కసారే. రెండోసారి పిలిచే అవసరం లేకపోయింది. స్వాతి అప్పటికే బల్ల ముందు నిలబడి ఫైలు తాడు విప్పుతోంది. ముడి బిగుసుకుని రాకపోతే జోగులు వచ్చి విప్పాడు. తాళ్ళ పనివాడు కాబట్టి ఒక్క లాగుతో వచ్చింది.

శేషయ్య బయటికి నడిచాడు. మెట్ల మీద ఎవరో ఆపి, "పదకొండో నంబరు సంగతి ఏమంటారు భయ్యా?" అని అడిగారు. సీట్లు అయిపోయాయని చెప్పి బస్సెక్కాడు.

తలుపు అపర్ణ తీసింది. ఆయన చంకలోని సంచి తీసుకుని, అక్కడే నిలబడి ఫైలు విప్పి, సర్టిఫికెట్లు ఒక్కొక్కటీ చూసుకుంది. అన్నీ ఉన్నాయి. కళ్ళు తుడుచుకుంది. ఆయన చూడనట్టు గొడుగు మడిచాడు.

"ఆఖరి సీటు ఎవరికొచ్చింది తాతా?"

"జోగులు కూతురికి."

"రాదన్నావు కదా."

"అన్నాను."

"మరి?"

"తప్పాను," అన్నాడు శేషయ్య.

కమలాకుమారి చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి ముందు గదిలోకి వచ్చింది. నిదానంగా కుర్చీ లాక్కుని కూర్చుని, సరిగ్గా వినపడలేదు, మళ్ళీ అనమంది.

శేషయ్య మళ్ళీ అన్నాడు.